మిషను ఆగేదాకా

మా పెద్దమ్మ బాత్‌రూంలో జారిపడింది ఉదయం తొమ్మిదింటికి. నేను చూసింది సాయంత్రం నాలుగింటికి. మధ్యలో ఆ ఏడు గంటలూ ఆవిడ తడి గచ్చు మీద, తలకింద తువ్వాలు మడిచి పెట్టుకుని, ఎడమవైపుకి ఒత్తిగిలి పడుకుని ఉంది. నేనైనా పనిగట్టుకుని వెళ్ళలేదు. ఆవిడ కళ్ళజోడు కాడ వదులైతే నా దుకాణంలో బిగించి, ఇచ్చి వచ్చేద్దామని వెళ్ళాను. తలుపు తీయకపోతే నా దగ్గరున్న తాళంచెవితో తీశాను.

నన్ను చూసి, "చెప్పులు విప్పి రా, గచ్చు తడిగా ఉంది, నువ్వూ పడతావు," అంది.

ఎప్పుడు పడ్డావు, ఎలా పడ్డావు అని నేను ఒకటే కంగారు పడుతుంటే, ఆవిడ డ్యూటీ దిగిపోయే నర్సు డ్యూటీ ఎక్కే నర్సుకి అప్పజెప్పినట్టు చెప్పుకొచ్చింది. నాడి బాగానే ఉందట. ఎముకలేవీ విరగలేదట, తనే తడిమి చూసుకుందట. చీలమండ బెణికింది, నడుం పట్టేసింది, లేవలేకపోయింది, అంతేనట.

"గోడ అవతలే కదా టైలరుగారిల్లు. గోడ మీద ఒక్క దెబ్బ కొడితే వచ్చేవాళ్ళు కదా, పెద్దమ్మా."

"మిషను నడుస్తోందే. బడి బట్టల పని, వాళ్ళకి ఊపిరి సలపడం లేదు పాపం. మిషను ఆగాక పిలుద్దామనుకున్నా."

"మరి?"

"ఆగలేదు. ఆయన లేస్తే ఆవిడ కూర్చుంటుంది, ఆవిడ లేస్తే ఆయన కూర్చుంటాడు."

నాకు ముక్కు మీద కోపం అని మా ఇంటిల్లిపాదీ అంటారు. అంటే అననీ. ఏడు గంటలు గచ్చు మీద పడి ఉండి, పక్కింటివాళ్ళ కుట్టుపని చెడగొట్టడం ఇష్టంలేక నోరు మూసుకున్న మనిషిని చూస్తే మీకు మాత్రం రాదా? ఆవిణ్ణి లేపి మంచం మీద కూర్చోబెట్టి, చీలమండకి కట్టు కట్టి, కట్టు కడుతున్నంతసేపూ తిట్టాను. ఆవిడ మాత్రం, "కట్టు కింద నుంచి పైకి చుట్టాలే, పై నుంచి కిందికి కాదు," అంది.

పెద్దమ్మ ముప్పై నాలుగేళ్ళు పెద్దాసుపత్రి జనరల్ వార్డులో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, డ్యూటీ మారడానికి ఎవరూ దొరకలేదనేది. రిటైరై పన్నెండేళ్ళయినా వీధిలో అందరికీ ఆవిడ సిస్టరమ్మే. రెండో అంతస్తులో రెండు గదులూ ఒక వంటిల్లూ ఆవిడ రాజ్యం. ముందుగది కిటికీ కింద బస్‌స్టాపు. బస్సు కోసం నిలబడినవాళ్ళు తలెత్తి, "సిస్టరమ్మా, పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది," అంటే, ఆవిడ కిటికీలోంచే నాలుగు ప్రశ్నలు వేసి, ఇంటికి పొమ్మనో ఆసుపత్రికి పొమ్మనో తేల్చేస్తుంది. బీపీ చూపించుకోవడానికి మెట్లెక్కి వచ్చేవాళ్ళు రోజుకి నలుగురైనా ఉంటారు. దుప్పటి మూలలు పరుపు కిందికి ఎంత బిగుతుగా దోపుతుందంటే, ఆ మంచం మీద పడుకోవాలంటే కవర్లోకి ఉత్తరం దూరినట్టు దూరాలి. కళ్ళజోళ్ళ పని నేర్చుకునే రోజుల్లో మూడేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. నా చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చినవాళ్ళు వేరే ఉన్నారు గానీ, చెయ్యి వణక్కుండా ఎలా పట్టుకోవాలో నేర్పింది పెద్దమ్మే.

"ఇక మా ఇంటికి వచ్చెయ్," అన్నాను ఆవేళ. "కింది అంతస్తు. మెట్లు లేవు. గది ఖాళీగా ఉంది."

"మీ ఇంట్లో నేను పేషెంటునే. ఇక్కడ సిస్టర్ని."

అదీ నిజమే. మా ఇంటి కిటికీ కింద బస్‌స్టాపు లేదు. మా వీధిలో ఆవిడ ఎవరో ఎవరికీ తెలియదు. అందుకని బేరం కుదుర్చుకున్నాం. ఆపదలో నొక్కితే మనుషులు వచ్చే బొత్తాం ఒకటి పెట్టుకోవాలి, పెట్టుకున్నది వాడాలి. నెల రోజులు గడువు. వాడనంటే, మారుమాట లేకుండా పెట్టె సర్దుకుని మా ఇంటికి రావాలి. ఆవిడ సరేనని చెయ్యి కలిపింది. నేను నిజంగానే తీసుకెళ్ళిపోతానని ఆవిడకి తెలుసు. నా మొండితనం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఆవిడకి తెలియదా?

చీలమండ కాస్త నెమ్మదించాక ఆసుపత్రి సామాన్లు అమ్మే దుకాణానికి తీసుకెళ్ళాను. టై కట్టుకున్న ఒకాయన మూడు రకాలు బల్ల మీద పరిచి, "ఇవి పెట్టుకుంటే ఇంక మీరు నిశ్చింతగా ఉండొచ్చు మేడం," అని నాతో మొదలుపెట్టాడు. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"పెట్టుకునేది నేను. నాతో చెప్పు నాయనా. ఇది తడవచ్చా?"

"తడవచ్చండి."

"మెళ్ళో తాడు దేనికైనా తగులుకుంటే తెగిపోతుందా, మెడ బిగుస్తుందా?"

ఆయన తాడు లాగి చూశాడు. తెగలేదు. పెద్దమ్మ ఆ రకాన్ని పక్కకి జరిపింది. "నొక్కినవాళ్ళకి మాట రాకపోతే ఏం చేస్తారు? వచ్చే మనిషి ఎంతసేపట్లో వస్తాడు? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? రెండుసార్లు ఊరికే నొక్కినవాళ్ళకి మూడోసారి కూడా వస్తారా?"

ఆయన నుదురు తుడుచుకుని, కంపెనీవాళ్ళని కనుక్కుని చెబుతానన్నాడు. ముందు ప్రశ్నలకి నాకు నవ్వొచ్చింది. చివరిదానికి రాలేదు. అది అడిగేటప్పుడు ఆవిడ గొంతు మారింది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

నేను కళ్ళజోళ్ళు అమ్మేదాన్ని. పెట్టుకోవడం ఇష్టంలేనివాళ్ళకి అమ్మీ అమ్మీ ఆరితేరాను. ముక్కు మీద సరిగ్గా కూర్చుంటే మనిషి దాన్ని మర్చిపోతాడు, మర్చిపోతే పెట్టుకుంటాడు. ఇదీ అంతేననుకున్నాను. అంతే కాదని వారం తిరక్కుండానే తెలిసొచ్చింది.

మొదట తెచ్చింది మంచం పక్కన పెట్టే ఒక పెట్టె, దానికో బొత్తాం. బొత్తాం నొక్కితే పెట్టె గట్టిగా మోగుతుంది, కంపెనీలో ఎవరో పలుకుతారు. బాగానే ఉంది. కానీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి వాళ్ళే అప్పుడప్పుడూ దాన్ని మోగిస్తారట. నేను వంటింట్లో టీ కాస్తుండగా అది మోగింది. వెనక్కి తిరిగేసరికి పెద్దమ్మ మంచం దిగి, కట్టు కట్టిన కాలితో, గోడ కూడా పట్టుకోకుండా గబగబా నడిచి వస్తోంది.

"ఎక్కడికి?"

"బెల్లు," అంది. తరవాత గది మధ్యలో ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది. అక్కడ మంచాలు లేవు, ఉన్న ఒక్క మంచం తనదే.

ముప్పై నాలుగేళ్ళు బెల్లు వినగానే లేచిన కాళ్ళు అవి. పడినప్పుడు మనుషుల్ని పిలవాల్సిన పెట్టె, పడుకున్న మనిషిని లేపి పడగొట్టేలా ఉంది. మర్నాడే తిరిగి ఇచ్చేశాను. టైగారికి కారణం చెబితే, ఇన్నేళ్ళలో ఇలాంటి ఫిర్యాదు వినలేదన్నాడు.

రెండోది చేతి గడియారంలాంటిది. మనిషి పడితే దానంతటదే కనిపెట్టి కబురు పంపుతుంది. నొక్కే పనే లేదు, పెద్దమ్మ మొండితనానికి ఇదే మందు అనుకుని మురిసిపోయాను. మర్నాడు ఉదయం ఏడింటికి గడియారం ఆవిడ పడిపోయిందని చెప్పింది. పరుగున వెళ్ళాను. పెద్దమ్మ పక్క సర్దుతోంది. దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఒక్క విదుపు విదిలించడం ఆవిడ అలవాటు. ఆ విదుపుకి గడియారం హడలిపోయింది. ఆ మర్నాడూ అంతే, ఆ పైరోజూ అంతే. నాలుగోరోజు ఆవిడ దాన్ని విప్పి నా చేతిలో పెట్టి, "ఊరికే గొడవ చేసే పేషెంటు ఇది. నిజంగా ఏదైనా అయిన రోజున దీని మాట ఎవరూ నమ్మరు," అంది. పక్క నెమ్మదిగా సర్దుకోవచ్చు కదా అంటే, మళ్ళీ దుప్పటి కొసలు పట్టుకుని విదిలించింది.

మూడోది కుదిరింది. గుండ్రటి బొత్తాం, లాగితే ఊడిపోయే తాడు, తడిసినా ఫరవాలేదు. నొక్కితే ఈ ఇంట్లో చప్పుడే ఉండదు. గోడ అవతల టైలరుగారింట్లో చిన్న గంట మోగుతుంది, నా ఫోనూ మోగుతుంది. ఒక తాళంచెవి టైలరుగారి భార్యకి ఇచ్చాం. పెద్దమ్మ అద్దంలో చూసుకుని, వార్డులో మెళ్ళో గడియారం వేలాడేసుకునేదాన్ని, అలాగే ఉందంది. సరిగ్గా కూర్చుంది. మర్చిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

"ఒక్కసారి నొక్కి చూడు," అన్నాను.

"పని లేకుండా బెల్లు కొట్టకూడదే."

"పనిచేస్తోందో లేదో తెలియాలి కదా."

"దుకాణంలో నువ్వు చూశావుగా."

ఎంత బతిమాలినా నొక్కలేదు. వారం తరవాత వెళితే బొత్తాం మంచం పక్కన మేకుకి వేలాడుతోంది. తీసి మళ్ళీ మెళ్ళో వేసి వచ్చాను. ఇంకో రెండు రోజులకి వెళితే, చీలమండ మళ్ళీ వాచి ఉంది. మందుల డబ్బా అలమారా పైనుంచి దించడానికి స్టూలు ఎక్కి దిగుతుంటే కాలు మెలిపడిందట. అరగంట కింద కూర్చుని, నెమ్మదిగా తనే లేచిందట. బొత్తాం మెళ్ళోనే ఉంది. నొక్కలేదు.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. అలమారా తెరిచి, ఆవిడ బట్టలు తీసి పెట్టెలో కుక్కి, పెట్టె తలుపు దగ్గర పెట్టాను. "ఆదివారానికి నెల అవుతుంది. ఆటో మాట్లాడుకుని వస్తాను," అన్నాను. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడలేదు. "బట్టలు మడత పెట్టి సర్దవే, నలిగిపోతాయి," అని మాత్రం అంది. కింద ఎవరో సిస్టరమ్మా అని పిలిచారు. ఆవిడ పలకలేదు. ఇంటికి వెళ్ళేదారంతా నాకు నా మీదే అసహ్యం వేసింది.

శుక్రవారంనాడు పెద్దాసుపత్రి హెడ్‌నర్సు నా దుకాణానికి వచ్చింది. ఆసుపత్రిలో ఎవరికి చూపు మందగించినా నా దగ్గరికే పంపడం పెద్దమ్మ అలవాటు, అలా పాత పరిచయం. ఫ్రేములు పెట్టి చూస్తూ మాటల్లో మాటగా బొత్తాం గొడవంతా ఆవిడతో వెళ్ళబోసుకున్నాను. ఆవిడ ఫ్రేము తీసి బల్ల మీద పెట్టింది.

"మీ పెద్దమ్మగారు బెల్లు నొక్కనన్నారా? మా అందరికీ బెల్లు నొక్కించడం నేర్పిందే ఆవిడ."

"అంటే?"

"వార్డులోకి కొత్త పేషెంటు వస్తే మొదటిరోజే బెల్లు కొట్టించేవారు. ఏ అవసరమూ లేకుండా. కిటికీ మూయమనో, తెరవమనో పిలవమనేవారు. పిలిస్తే తనే వెళ్ళి మూసేవారు. మేం కొత్తలో నవ్వుకునేవాళ్ళం. ఒకసారి ఊరికే పిలిచినవాళ్ళకే అవసరానికి పిలవడం వస్తుంది, ముందు ఆ బిడియం పోగొట్టాలి అనేవారు."

ఎప్పుడు మొదలుపెట్టిందని అడిగాను. హెడ్‌నర్సు కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది.

పదకొండో నంబరు మంచం మీద గడియారాలు బాగుచేసే ఒకాయన ఉండేవాడట. నోట్లో నాలుక లేని మనిషి. ఒక మధ్యాహ్నం చూడ్డానికి వచ్చినవాళ్ళతో వార్డు కిటకిటలాడుతోంది. పెద్దమ్మ ఆ మంచం ముందునుంచే అటూ ఇటూ పదిసార్లు తిరిగింది. ఆయన చూస్తూనే ఉన్నాడు. జనం తగ్గాక దగ్గరికి వెళ్ళేసరికి ఆయన ప్రాణం పోయింది. చేతిలో బెల్లు ఉంది. బొటనవేలు బొత్తాం మీదే ఉంది. నొక్కలేదు.

"సిస్టరు పనిలో ఉంది కదా, తరవాత పిలుద్దాం అనుకుని ఉంటాడని అనేవారు మీ పెద్దమ్మగారు. ఆ మాట చెప్పినప్పుడల్లా చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవారు."

నేను ఆవిడకి చెప్పకుండా కౌంటరు వెనక్కి వెళ్ళి ఏడ్చాను. మిషను ఆగాక పిలుద్దామనుకున్నా అన్న మాట నా చెవుల్లో గింగురుమంది. మూడోసారి కూడా వస్తారా అని దుకాణంలో అడిగినప్పుడు ఆవిడ గొంతు ఎందుకు మారిందో ఇప్పుడు తెలిసింది. ఊరందరికీ పోగొట్టిన బిడియాన్ని ఈ మహాతల్లి తన దగ్గరే దాచుకుంది.

దుకాణం మూసి నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళాను. పెట్టె నేను పెట్టిన చోటే ఉంది. కాకపోతే తెరిచి, బట్టలన్నీ మడతపెట్టి మళ్ళీ సర్దింది.

"పెద్దమ్మా, నువ్వు ఈ వార్డులో కొత్త పేషెంటువి. ఇవాళ నీ మొదటిరోజు. నేను పక్కింట్లో ఉంటాను. కిటికీ మూయాలి, పిలువు."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఎవరు చెప్పారు?"

"పదకొండో నంబరు ఆయన గురించి కూడా చెప్పారు."

ఆవిడ ముఖం తిప్పుకుంది. నేను బయటికి వచ్చేశాను.

టైలరుగారింట్లో మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. సంగతి చెప్పాను. టైలరుగారు కాలు ఆపకుండా కుడుతున్నాడు. ఆయన భార్య నా చేతికి ఒక నిక్కరు, గుండీలు ఇచ్చి, ఊరికే కూర్చోలేవుగానీ ఇవి కుట్టమంది. ఐదు గుండీలు కుట్టాను. పావుగంట అయింది. అరగంట అయింది. ఆరో గుండీకి దారం ఎక్కిస్తుంటే గోడ మీద గంట మోగింది. మిషను ఆగింది. ముగ్గురం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. నేను నిక్కరు విసిరేసి పరిగెత్తాను.

పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అలా పరిగెత్తుకొస్తారా ఎవరైనా? పేషెంటు బెదిరిపోడూ? వెళ్ళు. మళ్ళీ మామూలుగా నడిచి రా."

వెళ్ళాను. మళ్ళీ గంట మోగింది. నడిచి వచ్చాను.

"ఏమైంది, ఏమైంది అని అరవకు. ముందు ముఖం చూడు. నుదుటి మీద చెయ్యి పెట్టు. అప్పుడు చెప్పండి అను."

నుదుటి మీద చెయ్యి పెట్టాను. "చెప్పండి, సిస్టరమ్మా," అన్నాను.

"కిటికీ మూసెయ్యమ్మా," అంది. నేను మూశాను. పెట్టె కూడా మంచం కిందికి తోసేశాను.

అప్పటినుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి పెద్దమ్మ బొత్తాం నొక్కేది, టైలరుగారి భార్య వచ్చి కిటికీ మూసేది. మొదటి వారం పాఠాలు జరిగాయి. అడుగులు గట్టిగా వేస్తున్నావంది, తాళం తీయడం ఆలస్యమైందంది, చెయ్యి చల్లగా ఉంది రుద్దుకుని పెట్టమంది. టైలరుగారి భార్య, "మా అత్తగారు కూడా ఇన్ని వంకలు పెట్టలేదు సిస్టరమ్మా," అంటూనే అన్నీ నేర్చుకుంది. పిలిచే మనిషిగా ఉండటం పెద్దమ్మకి చేతకాలేదు. వచ్చేవాళ్ళకి పని నేర్పే సిస్టరుగా మాత్రం రోజూ నొక్కింది. ఎలాగైతేనేం, నొక్కింది. నాకు కావలసిందీ అదే.

ఐదు నెలలు గడిచాయి. ఒకరోజు ఉదయం పదకొండున్నరకి నేను ఒక బస్సు డ్రైవరుకి కళ్ళు పరీక్ష చేస్తుండగా ఫోను మోగింది. నాలుగు గంటలు కాదు. డ్రైవరుని పరీక్ష ఫ్రేముతోనే కుర్చీలో వదిలేసి పరిగెత్తాను. పాపం ఆయన నేను ఎవరి చేతో కబురు చేసేదాకా మూడో వరస చదువుతూనే ఉన్నాడట.

పెద్దమ్మ వంటింటి గచ్చు మీద ఉంది. కుడికాలు తిరిగి ఉన్న తీరు చూస్తే నాకే అర్థమైంది, తుంటి విరిగిందని. టైలరుగారి భార్య పక్కనే కూర్చుని నుదుటి మీద చెయ్యి పెట్టి ఉంది. టైలరుగారు మెళ్ళో కొలత టేపుతో కింద వీధిలో నిలబడి అంబులెన్సుకి దారి చూపిస్తున్నాడు.

"పడి ఎంతసేపైంది?" అని అడిగాను.

"గంట మోగి పావుగంట కూడా కాలేదు. మోగిన నిమిషానికి నేనిక్కడున్నా," అంది టైలరుగారి భార్య. "నడిచే వచ్చాను, పరిగెత్తలేదు."

ఆపరేషను బాగా జరిగింది. నెలన్నర మా ఇంట్లో పేషెంటుగా ఉండి, మా అందరి దుప్పట్లూ బిగించి, చేతికర్రతో మళ్ళీ తన రెండో అంతస్తుకి వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. ఇప్పటికీ నాలుగింటికి నా ఫోను మోగుతుంది. మోగిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచి వస్తుంది.

అంబులెన్సులో ఆవిడ నాతో అన్న మాట మాత్రం చెప్పాలి. నొప్పికి ముఖం పాలిపోయి ఉంది. నా చెయ్యి పట్టుకుని ఉంది. అంత నొప్పిలోనూ నాకు ఏదో చెప్పాలని చూస్తుంటే వంగి చెవి దగ్గర పెట్టాను.

"పడ్డాక కూడా కాసేపు ఆగానే. మిషను నడుస్తోంది కదా, ఆగాక పిలుద్దాంలే అనుకున్నా."

"మరి?"

"నొక్కాను," అంది పెద్దమ్మ. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి. "నొక్కగానే ఆగిందే."